ఆ అయస్కాంతం అవతల పారేయండి!

"ఏం, ఆకాశంలోంచి ఊడిపడ్డావా?" అని మనవాళ్లు కోపం వచ్చినప్పుడు అంటూంటారు. నిజంగా ఆకాశంలోంచి ఊడిపడ్డవాటికి ఈ భూమ్మీద ఎటువంటి మర్యాద జరుగుతోందో కిందటేడు నవంబరులో నా కళ్లారా చూశాను. చూడ్డమేమిటి, ఆ మర్యాద చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ వ్యాసం. ఇందులో కాస్త కోపం కనిపిస్తే, అందులో సగం నా మీదనేనని ముందుగా మనవి చేసుకుంటున్నాను. మిగతా సగం ఎవరి మీదో మా మరిదిగారికి చదవగానే తెలుస్తుంది.

మా చెల్లెలు కాలిఫోర్నియాలో, లాస్ ఏంజిలస్‌కి తూర్పుగా ఒక ఊళ్లో ఉంటుంది. వాళ్లాయనకి కంప్యూటర్ల ఉద్యోగం. ప్రతి మనిషికీ ఒక పిచ్చి ఉంటుంది కదా! కొందరికి పేకాట, కొందరికి షేర్లు, నాకు నవలలు. మా మరిదిగారికి ఉల్కాశిలలు. శనివారం తెల్లారిందంటే చాలు, రెండు క్యానుల నీళ్లూ, ఒక టోపీ, ఒక కర్రా కారులో పడేసుకుని మొజావే ఎడారికి బయలుదేరతారు. అక్కడ ఎండిపోయిన సరస్సుల మీద పొద్దుపోయేదాకా తలవంచుకుని నడుస్తారు. "పెళ్లిచూపుల్లో నేను కూడా ఇంతసేపు తలవంచుకుని కూచోలేదే అక్కా" అని మా చెల్లెలి ఫిర్యాదు.

ఎండిన సరస్సులే ఎందుకు అని నేనూ అడిగాను. ఉల్కలేమీ ఎడారిని వెతుక్కుంటూ వచ్చి పడవు. మామిడితోటలోనూ పడతాయి, సముద్రంలోనూ పడతాయి. కాని మామిడితోటలో పడింది నాలుగు వానలు తగిలేసరికి తుప్పుపట్టి, చివికి, మట్టిలో కలిసిపోతుంది. ఎడారిలో వానలేదు గనక కొన్ని వేల ఏళ్లపాటు అలాగే ఉండిపోగలదు. అందులోనూ ఎండిన సరస్సు అంటే సన్నటి బంకమట్టి ఎండి, బీటలువారి, అరిసెలు ఆరబెట్టినట్టు పరుచుకున్న నేల. మైళ్లకొద్దీ సమతలం. గడ్డిపరక లేదు, చాలా చోట్ల గులకరాయి అన్నదే కనిపించదు. గాలి వీచినప్పుడల్లా పైమట్టి కొంచెం కొంచెం ఎగిరిపోతుంది, బరువున్న రాయి మిగిలిపోతుంది. ఆ పాలిపోయిన మట్టిమీద ఒక నల్లటి రాయి కనిపించిందంటే, ఉతికిన దుప్పటి మీద గండుచీమ కనిపించినట్టే. 1963లో రోనల్డ్ హార్ట్‌మన్ అనే ఆయనకి అదే ఎడారిలో లూసెర్న్ అనే ఎండిన సరస్సు మీద ఉల్కాశిలలు దొరికాయి. అక్కణ్ణించి ఈ నడక మొదలైంది. ఇవాళ కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల్లో ఇలా తలవంచుకు తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారుట.

"వదినగారూ, ఒక్కసారి వచ్చి చూడండి. మీ నవలకి పనికొస్తుంది" అన్నారు మరిదిగారు. నవల పేరు చెబితే నేను ఎక్కడికైనా వెళతాను. మా చెల్లెలు పులిహోరా, పెరుగన్నం కట్టింది. దాని కూతురు, కాలేజీలో భూగర్భశాస్త్రం చదువుతున్న పిల్ల, ఎందుకో ముభావంగా వెనక సీట్లో కూచుంది. బయలుదేరాం.

దారిలో బార్‌స్టో అనే ఊళ్లో ఆగాం. అక్కడ "ముసలావిడ"ని చూపించారు. కంగారు పడకండి, మనిషి కాదు. ఓల్డ్ వుమన్ పర్వతాలలో దొరికింది గనక ఆ ఇనుపరాయికి ఆ పేరు. 2,753 కిలోల బరువు! 1975లో బంగారం కోసం కొండల్లో వెతుక్కునే మనుషులకి దొరికింది. మేం కనుక్కున్నాం గనక మాదే అన్నారు వాళ్లు. ప్రజల భూమిలో దొరికింది గనక ప్రజలది అంది ప్రభుత్వం. 1977లో సైనికుల హెలికాప్టరు వచ్చి దాన్ని కొండమీంచి ఎత్తుకొచ్చింది. కోర్టుల్లో వ్యాజ్యం నడిచింది. చివరికి 1906 నాటి పురావస్తు చట్టం కింద ప్రభుత్వం మాటే నెగ్గింది. స్మిత్‌సోనియన్ వాళ్లు పరిశోధనకని ఒక పక్క కోసుకుని, మిగతాది తిరిగి ఎడారి ఊరికి పంపించారు. ఆ కోసిన చెంప నున్నగా మెరుస్తూంటే నేను చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది. ఈ ముసలావిడ ఎక్కడ పడిందో, ఎవరు చూశారో, ఎవరు మోశారో అన్నీ కాగితాల మీద ఉన్నాయి. అదృష్టవంతురాలు అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో నాకే సాయంత్రందాకా తెలియలేదు.

మధ్యాహ్నానికి సరస్సు చేరాం. సరస్సు అంటే నవ్వొస్తుంది. నీళ్లుండి ఎన్నాళ్లయిందో! వేసవిలో మా ఊరి చెరువు ఎండితే ఇలాగే ఉండేది. కాని మా చెరువుకి గట్టుంది, గట్టుమీద చింతచెట్టుంది. ఇక్కడ గట్టూ లేదు, చెట్టూ లేదు, ఆకాశం మాత్రం కావలసినంత ఉంది. నలుగురం నాలుగువైపులా విడిపోయాం. మరిదిగారి చేతిలో ఆ కర్ర. పాత గోల్ఫ్ ఆట కర్రకి చివర గట్టి అయస్కాంతం ఒకటి అతికించారు. నల్లరాయి కనిపిస్తే వంగకుండానే దాని మీద కర్ర ఆనించడం, అతుక్కుంటే ఉల్క కావచ్చు, అతుక్కోకపోతే వదిలెయ్యడం. నడుంనొప్పి లేని పద్ధతి. అందరూ ఇలాగే చేస్తారని చెప్పారు.

మూడు గంటలప్పుడు నాకు ఒక రాయి కనిపించింది. ఉసిరికాయంత ఉంటుంది. నల్లగా, నున్నగా, పొయ్యిలో కాలిన మట్టిముద్దలా ఉంది. నిజం చెప్పొద్దూ, నా గుండె ఝల్లుమంది. నలభై ఏళ్లు దాటాక మనిషికి గుండె ఝల్లుమనే సందర్భాలు తక్కువ. "మరిదిగారూ!" అని కేకేశాను. ఆయన పరుగెత్తుకొచ్చి కర్ర నా చేతికే ఇచ్చారు. "మీరు కనుక్కున్నారు, మీరే ఆనించండి." ఆనించాను. టక్కున అతుక్కుంది. మా చెల్లెలు చప్పట్లు కొట్టింది. మరిదిగారు నన్నూ, రాయినీ కలిపి ఫోటో తీశారు. రాయిని జేబులో వేసుకున్నారు. పిల్ల మాత్రం దూరంగా నిలబడి ఏమీ అనలేదు.

తిరిగి వస్తూంటే కారులో అడిగాను, "ఏమ్మా, అలా ఉన్నావేం?" అని.

"అది ఇంక ఏమీ చెప్పదు పెద్దమ్మా" అంది.

"ఏది?"

"ఆ రాయి. నాన్నకి చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది."

అప్పుడు చెప్పింది. ఉల్కాశిలల్లో చాలావాటిలో ఇనుము, నికెలు కలిసిన సన్నటి రేణువులు ఉంటాయి. ఆ రాయి పుట్టినప్పుడు, అంటే సుమారు 456 కోట్ల సంవత్సరాల కిందట, వేడి మీంచి చల్లబడుతూన్నప్పుడు చుట్టూ ఏదైనా అయస్కాంత శక్తి ఉంటే, ఆ రేణువులు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. ఎంత బలంగా ఉండేదో ఆ గుర్తుని బట్టి చెప్పవచ్చు. సూర్యుడు పసివాడుగా ఉన్నప్పుడు చుట్టూ తిరిగిన ధూళిలో ఏం జరిగిందో చెప్పే సాక్షులు వేళ్లమీద లెక్కపెట్టాలి. వాటిలో ఈ రేణువులు ఒకటి. కోట్లాది ఏళ్లు అంతరిక్షంలో తిరిగినా, నిప్పులు కక్కుతూ భూమ్మీద పడినా, పైపొర తప్ప లోపలి గుర్తు చెడనివి చాలా ఉన్నాయి. వేల ఏళ్లు ఎడారిలో ఎండినా కొంత మిగులుతుంది. మనం తెచ్చిన అయస్కాంతం ఒక్క క్షణం ఆనిస్తే మాత్రం ఆ పాత గుర్తు తుడిచిపెట్టుకుపోయి, దాని స్థానంలో మన అయస్కాంతం గుర్తు పడుతుంది.

"టేపురికార్డరులో పాత పాట మీద కొత్త పాట రికార్డు చేసినట్టు" అంది పిల్ల. తను పుట్టేసరికే క్యాసెట్లు పోయాయి. పుస్తకంలో చదివిన ఉపమానం చెప్పింది పాపం. నాకది ఉపమానం కాదు.

మా అమ్మమ్మ పాటలు పాడేది. సభల్లో కాదు, వంటింట్లో. మేలుకొలుపులు, అప్పగింతల పాటలు, ఇంకా ఏ పుస్తకంలోనూ లేని తిరగలి పాటలు. మా మామయ్య ఒక వేసవిలో టేపురికార్డరు తెచ్చి, ఆవిణ్ణి బతిమాలి ఒక క్యాసెట్టు నిండా పాడించాడు. మా అమ్మ దానిమీద నీలం సిరాతో "అమ్మ పాటలు" అని రాసింది. మరుసటేడు అమ్మమ్మ పోయింది. ఆ తరవాత సెలవుల్లో నాకు పన్నెండేళ్లప్పుడు, రేడియోలో నాకిష్టమైన సినిమా పాట వస్తోంది. చేతికందిన క్యాసెట్టు పెట్టి ఎర్ర మీట నొక్కాను. ఒక పాట కాదు, మధ్యాహ్నమంతా రికార్డు చేశాను. సాయంత్రం మా అమ్మ వచ్చి చూసింది. తిట్టలేదు. కొట్టలేదు. క్యాసెట్టు తీసి, రెండువైపులా మొదట్నించి చివరిదాకా విని, ఎక్కడైనా ఒక్క ముక్క మిగిలిందేమోనని మళ్లీ విని, డబ్బాలో పెట్టింది. ఆ క్యాసెట్టు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మీద "అమ్మ పాటలు" అనే ఉంది. లోపల సినిమా పాటలు.

క్యాసెట్టు టేపు మీద ఉండేదీ ఇనుప తుప్పు లాంటి పొడేనట. ఆ పొడికి గొంతు గుర్తుండేది. రాయికి ఆకాశం గుర్తుంటుంది. చెరిపే పద్ధతి కూడా ఒక్కటే. జీవితంలో రెండుసార్లు ఒకే తప్పు చేసే అవకాశం అందరికీ రాదు. నాకొచ్చింది.

వారం తరవాత పిల్ల ఆ రాయిని తన కాలేజీలో ఒక ప్రొఫెసరుగారికి చూపించడానికి తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. ఉల్కాశిలలాగే ఉందన్నారు. మా మొహాలు వికసించాయి. తరవాత రెండే ప్రశ్నలు వేశారు. ఒకటి, సరిగ్గా ఎక్కడ దొరికింది? సరస్సు మీద, మధ్యకి కాస్త ఇవతలగా, అన్నాను. ఆయన ఇంకేమైనా చెబుతానేమోనని ఎదురుచూశారు. ఏముంది చెప్పడానికి? ఫోటోలో రాయికంటే నా మొహం పెద్దదిగా పడింది. రెండో ప్రశ్న, దీనికి అయస్కాంతం తగిలిందా? తగిలిందని ఒప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. చాలా మర్యాదస్తులు. రాయిని త్రాసులో పెట్టి, "సరే అయితే, బరువు రాసుకుందాం" అన్నారు.

ఆ మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. పుట్టిన ఊరు తెలీదు, గుర్తున్న సంగతులు పోయాయి, మిగిలింది బరువు. మన ఆడవాళ్ల గురించి కూడా పాత పెళ్లి కబుర్లలో ఎన్ని తులాల బంగారం పెట్టారో గుర్తుంటుంది, ఆ పిల్ల ఏం పాడేదో ఎవరికీ గుర్తుండదు. సరే, ఆ గొడవ ఇంకో వ్యాసానికి ఉంచుతాను.

ఇక అసలు తగాదాకి వస్తాను. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను మరిదిగారితో, ఆ కర్రకున్న అయస్కాంతం పీకి అవతల పారెయ్యమన్నాను. ఆయన నవ్వారు. "వదినగారూ, మీరు బి.ఎ. తెలుగు. ఇవి సైన్సు సంగతులు" అన్నారు. బి.ఎ. తెలుగు చదివినదానికి, ఒక ఉత్తరాన్ని చదవకముందే చెరిపెయ్యకూడదన్న ఇంగితం మాత్రం ఉంటుంది. ఆ ఇంగితంతోనే ఆయన వేసిన ఒక్కొక్క వాదానికీ జవాబు చెబుతాను. ఆరోజు భోజనం చల్లారిపోతుందని మా చెల్లెలు ఆపేసింది. ఇక్కడ ఆపేవాళ్లు లేరు.

ఆయన మొదటి వాదం: "దొరికేవన్నీ మామూలు రాళ్లే. కాండ్రైట్లు అంటారు. భూమ్మీద పడేవాటిలో నూటికి ఎనభై పైచిలుకు అవే. ఒకదాని జ్ఞాపకం పోతే ప్రళయం వస్తుందా?"

మామూలు రాయి ఏదో, కానిదేదో ఆనించకముందు ఎలా తెలిసింది బాబూ? ఇప్పటి మధ్యప్రదేశ్‌లో 1940లో సెమర్కోనా అనేచోట ఒక ఉల్కాశిల పడింది. ఏడువందల గ్రాములు కూడా లేదు. అదీ ఆ మామూలు కాండ్రైట్ల కుటుంబంలోదే. అందులో ఇసుకరేణువులంత గుండ్రటి పూసలుంటాయి. 2014లో అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు ఆ పూసల్లో దాగిన గుర్తుని కొలిచి, గ్రహాలు పుట్టకముందు సూర్యుడి చుట్టూ ఉన్న ధూళిలో అయస్కాంత శక్తి ఉండేదనీ, అది దాదాపు ఇవాళ్టి భూమి అయస్కాంత శక్తితో పోల్చదగినంత బలంగా ఉండేదనీ తేల్చారు. మన దేశపు పొలంలో పడిన ఏడువందల గ్రాముల రాయి లోకానికి ఆ కబురు చెప్పింది. దాన్ని చూసిన మొదటి మనిషి చేతిలో ఇలాటి గోల్ఫ్ కర్ర ఒకటి ఉండివుంటే? ఆ పూసలకి కర్ర సంగతే తెలిసేది, సూర్యుడి సంగతి కాదు.

పోనీ, నష్టం జరిగిందనడానికి నిదర్శనం కావాలా? అదీ ఉంది. సహారా ఎడారిలో దొరికి 2011లో మొరాకో బజారులో చేతులు మారిన నల్లరాయి ఒకటుంది. "బ్లాక్ బ్యూటీ" అని ముద్దుపేరు. మన కుజగ్రహం నుంచి వచ్చింది. దానిలో 440 కోట్ల ఏళ్ల నాటి ముక్కలున్నాయి. కుజుడికి ఒకప్పుడు భూమిలాగే అయస్కాంత శక్తి ఉండేది, సుమారు 400 కోట్ల ఏళ్ల కిందట పోయింది. అది పోవడానికీ, అక్కడి గాలీ నీరూ పోవడానికీ సంబంధం ఉందని శాస్త్రజ్ఞుల అనుమానం. ఆ కథకి చేతిలో ఉన్న సాక్షుల్లో ఈ రాయి చాలా పెద్దది. 2023లో ఎం.ఐ.టి. వాళ్లు దాన్నీ, దాని తోబుట్టువుల్నీ పరీక్షించి చూస్తే ఏముంది? పాత గుర్తుల్ని చేతి అయస్కాంతాలు చెరిపేశాయి. వెతికినవాడు ఆనించాడో, కొన్నవాడు ఆనించాడో, అమ్మినవాడు గిరాకీ ముందు టక్కుమనిపించి చూపించాడో! ఒకళ్లు చాలు. కుజుడి దగ్గర్నుంచి ఇంతదూరం మోసుకొచ్చిన మాట, మన ఇంటి గుమ్మంలో మనమే చెరిపేశాం.

రెండో వాదం: "మాలాంటివాళ్లు ఎండలో తిరగకపోతే ఈ రాళ్లు దొరికేవా? ప్రొఫెసర్లు అందరూ ఎడారిలో నడుస్తారా?"

ఇది న్యాయమైన మాట. ఒప్పుకుంటాను. ఎడారిలో దొరికిన ఉల్కాశిలల్లో ఎన్నో ఇలాటి ఔత్సాహికుల కాళ్లకష్టం వల్లే బయటపడ్డాయి. నేను నడవద్దనడం లేదు. నడవండి. మీ పిల్లల్ని తీసుకెళ్లండి. సెల్‌ఫోను చూసుకుంటూ తలవంచుకోవడం కంటే నేలని చూస్తూ తలవంచుకోవడం ఎంతో మేలు. ప్రభుత్వం కూడా ఆ దారి మూయలేదు. 2012 నుంచి అమెరికాలో బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ కింద ఉన్న చాలా ప్రజాభూముల మీద మనిషికి ఏడాదికి 10 పౌన్లు, అంటే నాలుగున్నర కిలోల ఉల్కాశిలలు, సొంతానికి, ఉచితంగా ఏరుకోవచ్చు. వాటిని అమ్మకూడదు. అమ్మాలంటే వేరే అనుమతి కావాలి. జాతీయ పార్కుల్లో అయితే రాయి ముట్టడానికే వీల్లేదు. ఇంత ఉదారంగా చెయ్యి చాపి ఇచ్చినప్పుడు, తీసుకునే చెయ్యి కాస్త శుభ్రంగా ఉండాలా వద్దా?

మూడో వాదం: "నేనేమీ అమ్ముకోవడం లేదు కదా!"

నిజమే, అమ్మలేదు. హాలులో అద్దాల బీరువాలో 31 రాళ్లు పెట్టుకున్నారు. ఒక్కొక్కదాని కింద చిన్న చీటీ. చీటీ మీద గ్రాములు. ఎక్కడ దొరికిందో ఒక్కదానికీ లేదు! ఒకటే ఉల్క గాలిలో పగిలి వందల ముక్కలుగా పడుతుంది. అవి కోడిగుడ్డు ఆకారంలో నేలమీద పరుచుకుంటాయి. చిన్నవి ముందు రాలిపోతాయి, పెద్దవి ఇంకాస్త దూరం పోతాయి. ఏ ముక్క ఎక్కడుందో గుర్తుపెడితే ఆ ఉల్క ఏ దిక్కునుంచి వచ్చిందో చెప్పవచ్చు. రెండు రాళ్లు ఒకే తల్లి పిల్లలో, వేరు వేరు కాలాల్లో పడ్డవో తేల్చడానికీ అది సాయపడుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు ఉల్కాశిలకి పడిన ఊరిపేరే పెడతారు. ఎండిన సరస్సు మీద చాలా దొరికితే సరస్సు పేరూ, పక్కన ఒక అంకె. ఊరు తెలియని సహారా రాళ్లకి మాత్రం "నార్త్‌వెస్ట్ ఆఫ్రికా" అని ఒక నంబరు. అంటే అనాథ శరణాలయంలో పిల్లలకి నంబర్లు వేసినట్టే. మరిదిగారి బీరువాలో రాళ్లకి ఆ నంబరు కూడా లేదు. అమ్మితేనే పాపం కాదు. తెలిసినచోటు తెలియకుండా చెయ్యడమూ పాపమే.

అమ్మేవాళ్ల సంగతి వేరే చెప్పాలి. 2025 జూలైలో న్యూయార్క్‌లో సోథబీస్ వారి వేలంలో కుజుడి రాయి ఒకటి, 24 కిలోల 670 గ్రాములది, అన్ని ఖర్చులతో కలిపి 53 లక్షల డాలర్లకి పోయింది. 2023లో నైజర్ దేశంలో అగాదెజ్ ప్రాంతపు ఎడారిలో దొరికింది. రాయి తమ దేశం దాటి ఎలా వెళ్లిందో విచారిస్తామని నైజర్ ప్రభుత్వం అంది. సహారాలో ఒంటెల వెంట తిరిగే బీదవాడు పిల్లల తిండికోసం ఒక నల్లరాయి అమ్ముకుంటే నేను వాణ్ణి ఒక్కమాట అనను. నా కోపమంతా కొనేవాడి మీద. ఎక్కడిదని అడగనివాడి మీద. రాయి ఎక్కడిదో పూర్తిగా చెబితే దొంగతనం బయటపడుతుందేమోనన్న భయం ఉన్నచోట, చీటీలు కావాలనే ఖాళీగా ఉంటాయి. మన మరిదిగారి చీటీలు బద్ధకంవల్ల ఖాళీగా ఉన్నాయి. చూడ్డానికి మాత్రం రెండూ ఒక్కలాగే ఉంటాయి.

నాలుగో వాదం ఆయనది కాదు, నా మనసుదే. "నీకు తెలీదుగా! తెలియక చేసినదానికి ఇంత బాధెందుకు?" పన్నెండేళ్లప్పుడూ మా అమ్మ ఇదేమాట అంది. అప్పుడు సరిపోయింది. ఇప్పుడు సరిపోదు. పెద్దవాళ్లం అయ్యాక, ఒక వస్తువుని ముట్టుకునేముందు అదేమిటో తెలుసుకోవడం మన పని. ఉల్కాశిల కోసం ఎడారిదాకా డ్రైవు చేసే ఓపిక ఉన్నవాడికి, ఆ ఒక్క సంగతి చదివే ఓపిక లేదంటే నేను నమ్మను.

అయస్కాంతం లేకుండా ఎలా గుర్తుపట్టాలి అంటారా? కళ్లు దేవుడిచ్చాడు కదా! గాలిలో కాలి కరిగిన నల్లటి సన్నపొర ఉందా చూడండి. పాతదైతే అది గోధుమరంగుకి తిరుగుతుంది. మట్టిముద్దలో బొటనవేలు నొక్కినట్టు గుంటలుండవచ్చు. లోపల బుడగల చిల్లులుంటే అది ఉల్క కావడం అరుదు. అదే సైజు మామూలు రాయికంటే చేతికి బరువుగా అనిపిస్తుంది. అనుమానం తీరకపోతే స్నానాలగది టైలు వెనక గరుకువైపు ఒక్క గీత గీయండి. ఎర్రగీత పడితే అది మన భూమిరాయే. అయస్కాంతానికి రాయి ఎంత లొంగుతుందో, దాని గుర్తు చెరపకుండానే కొలిచే చేతి మీటర్లు ఉన్నాయి. కాలేజీల్లో దొరుకుతాయి.

రాయి కనిపించగానే ముందు ఫోటో తీయండి. మీది కాదు, రాయిది, అది పడివున్న చోట. అక్షాంశ రేఖాంశాలు మీ చేతిలో ఫోనే చెబుతుంది, రాసుకోండి. ఒట్టి చేతులతో తడమకుండా శుభ్రమైన సంచిలో వెయ్యండి. తరవాత ఏదైనా విశ్వవిద్యాలయానికి చూపించండి. పేరు నమోదు కావాలంటే వాళ్లకి వదులుకోవలసింది 20 గ్రాములో, మొత్తంలో ఐదోవంతో, ఏది తక్కువైతే అది. మిగతా రాయి చట్టప్రకారం మీదైతే మీ దగ్గరే ఉంటుంది. ఇంతకంటే చవక బేరం ఎక్కడైనా ఉందా? అరిజోనాలో, నెవాడాలో, కాలిఫోర్నియాలో ఉన్న మన తెలుగుపిల్లలు చాలామంది వారాంతాల్లో ఎడారులకి వెళుతూంటారు. వాళ్ల అమ్మానాన్నలు ఈ పేజీ చదువుతూంటే ఒక్క ముక్క ఫోనులో చెప్పండి. ఆవకాయ ఎలా ఉందని అడిగాక, ఇదీ అడగండి.

నేను ఇండియాకి తిరిగివచ్చే ముందు ఆదివారం మళ్లీ ఆ సరస్సుకి వెళ్లాం. నేను ఒట్టి చేతులతో నాలుగు గంటలు నడిచాను. ఒక్క ఉల్క దొరకలేదు. రెండు మామూలు రాళ్లూ, ఎవరో పారేసిన సీసామూతా దొరికాయి. పిల్ల నా పక్కనే నడుస్తూ, అమ్మమ్మ పాటల్లో ఒక్కటైనా గుర్తుందా పెద్దమ్మా అని అడిగింది. రెండు చరణాలు గుర్తున్నాయి, అదీ వంకరగా. అవే పాడాను. వినడానికి అక్కడ ఇంకెవరూ లేరు గనక సరిపోయింది. పిల్ల ఫోనులో రికార్డు చేసింది.

అంత దూరంలో మరిదిగారు తలవంచుకుని వస్తున్నారు. చేతిలో కర్ర అలాగే ఉంది. దగ్గరికొచ్చాక చూశాను, చివర అయస్కాంతం లేదు. జిగురు మరక మాత్రం ఉంది.

"మరి కర్ర ఎందుకండీ?" అన్నాను.

"పాములొస్తాయి వదినగారూ" అన్నారాయన, నావైపు చూడకుండా.